ఎత్తిన చందా, ఎత్తలేని చందా: రెండూ ఒకే పేజీలో రాద్దాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పోచంపాడ్ గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి వరకే చదువుకున్న. కంప్యూటర్ గురించి మాట్లాడమంటే ముందు నాకే నవ్వొచ్చింది. కానీ నేను మాట్లాడేది కంప్యూటర్ గురించి కాదు. మనం ఆపదలో ఎత్తే చందాల గురించి. ఒక అక్కకు ఆపరేషన్ అంటే, ఒకింట్ల గల్ఫ్‌లో మనిషి పోయిండంటే, ఇల్లు కాలిందంటే మనం ఏం చేస్తం? ఫోన్ తీసి వాట్సాప్‌ల మెసేజ్ పెడతం. కింద ఫోన్ పే నంబరు పెడతం. దీన్నే పట్నపోళ్లు క్రౌడ్ ఫండింగ్ అంటరు. మన భాషలో చందా. ఈ చందాల లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో, అంటే ఎక్సెల్ లేదా గూగుల్ షీట్ పేజీలో ఎట్ల రాయాలి, రాస్తే మనకు ఏం తెలుస్తది అన్నదే ఇయాల్టి మాట.

చందా పాత ముచ్చటే

మందిని అడిగి పైసలు జమ చేయడం ఫోన్లతో పుట్టింది కాదు. 1921 మార్చి చివర, ఏప్రిల్ మొదట్ల బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీ గారు వచ్చిండ్రు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు జమ చేయాలని అక్కడ తీర్మానం చేసిండ్రు. గడువు జూన్ 30. ఆ మూడు నెలల్లో ఊరూరా తిరిగి అడిగిండ్రు, ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చిండ్రు. కోటి జమైంది.

అంతకు ముందు 1885లో అమెరికాలో ఇంకో ముచ్చట. న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం పెట్టడానికి దిమ్మె కట్టాలి, పైసలు చాల్లేదు. జోసెఫ్ పులిట్జర్ అన్న పత్రిక యజమాని తన పేపర్‌లో అడిగిండు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా ఇచ్చినవారి పేరు పేపర్‌లో వేస్తనన్నడు. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటింది. ఇచ్చినవాళ్లు లక్ష మందికి పైనే. ఎక్కువ మంది ఇచ్చింది డాలరు లోపే.

ఈ ముచ్చట్లల్ల మూడు ఉన్నయి. ఎంత కావాలో ముందే చెప్పిండ్రు. బెజవాడలో అయితే ఎప్పటిలోగా కావాలో కూడా చెప్పిండ్రు. ఎంత వచ్చిందో నలుగురికీ చెప్పిండ్రు. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ అయినా, బెంగళూరులో 2010లో మొదలైన మిలాప్ అయినా, ఆ తర్వాత ముంబైలో వచ్చిన కెట్టో అయినా ఈ మూడింటి మీదనే నడుస్తున్నయి. కిక్‌స్టార్టర్‌లో ఒక కట్టుబాటు ఉంది. అడిగినంత జమైతేనే పైసలు చేతికి వస్తయి, లేకుంటే ఇచ్చినోళ్ల నుంచి అసలు తీసుకోరు. ఆపదలో ఎత్తే చందా అట్ల కాదు. ఎంత వస్తే అంత, వచ్చినంత ఆసుపత్రికి పోతది.

మన వాట్సాప్ చందాలో ఎంత కావాలో రాస్తం. గడువు చాలాసార్లు రాయం. చివరికి ఎంత వచ్చింది అన్నది ఇంకా తక్కువ సార్లు చెప్తం.

ప్రాజెక్టు రిజిస్టర్ చూసి నేర్చుకోవాల్సింది

మాది పోచంపాడ్. 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మా ఊరి పక్కనే ఉంది. వానకాలం వచ్చిందంటే నీళ్లు ఎంతకొచ్చినయి, 1091 అడుగులు నిండిందా, 42 గేట్లలో ఎన్ని ఎత్తిండ్రు అని పేపర్లల్ల రోజూ చూస్తం. గేట్లు ఎత్తిన రోజు చూడటానికి బండ్లు కట్టుకొని వస్తరు. ఆ రోజు అందరికీ యాదికుంటది. కానీ ప్రాజెక్టు ఆఫీసోళ్లు గేట్లు ఎత్తిన రోజే రాసి ఊకుంటరా? ఎగువ నుంచి చుక్క రాని రోజు కూడా ఇన్‌ఫ్లో సున్నా అని రాస్తరు. ఆ సున్నాలు ఉన్నయి కాబట్టే ఏ ఏడు ఆయకట్టుకు ఎంత ఇయ్యొచ్చో లెక్క కట్టగలుగుతరు.

మన చందాల కాడ మనం గేట్లు ఎత్తిన రోజులే యాది పెట్టుకుంటున్నం. "ఫలానా వాళ్లకు రెండు రోజుల్లనే లక్ష జమైంది" అని పది మందికి చెప్తం. మెసేజ్ పెట్టినా ఎవ్వరూ పైస వేయని ఇంటి గురించి ఎవ్వరం మాట్లాడం. ఆ ఇంటోళ్లు కూడా మాట్లాడరు, సిగ్గు. అందుకే "చందా ఎత్తితే పైసలు వస్తయి" అన్న మాట మనలో గట్టిపడ్డది. ఆ మాట నిజమా కాదా అని చూడాలంటే వచ్చినవి, రానివి రెండూ ఒకే పేజీలో ఉండాలి. నా ప్రసంగం మొత్తానికి ఇదొక్కటే అసలు మాట.

పేజీ ఎట్ల గీయాలి

పంచసూత్రాల్లో ఐదోది పుస్తక నిర్వహణ. మనకు నిలువు గీతలు, అడ్డ గీతలు కొత్త కాదు. పొదుపు పుస్తకం, అప్పుల లెడ్జర్, తీర్మాన పుస్తకం అన్నీ గీతల మీదనే నడుస్తయి. స్ప్రెడ్‌షీట్ కూడా గీతల పుస్తకమే. తేడా ఏందంటే, అందులో రాసిన అంకెలను అదే కూడుతది, పెద్ద నుంచి చిన్నకు సర్దుతది, కావాల్సినవి మాత్రమే విడదీసి చూపిస్తది.

ఒక చందాకు ఒక అడ్డ వరుస. నిలువు వరుసల్లో ఇవి రాయాలి:

1. నంబరు. పేరు రాయొద్దు. క1, క2 అని రాయాలి. ఏ నంబరు ఎవరిదో వేరే పుస్తకంలో రాసి, గ్రామ సంఘం బీరువాలో తాళం వేసి పెట్టాలి. ఒక ఆడమనిషి జబ్బు, ఆమె ఇంటి ఇబ్బంది పది ఫోన్లల్ల తిరగొద్దు.
2. దేనికి అడిగినం. వైద్యం, మరణం, ఇల్లు, చదువు, ఇతరం. ఈ ఐదింటిలో ఒకటే రాయాలి. ఒకరు "ఆపరేషన్" అని, ఇంకొకరు "దవాఖాన" అని రాస్తే పేజీ రెండు వేర్వేరనుకుంటది.
3. అడిగిన మొత్తం.
4. వచ్చిన మొత్తం.
5. ఎంతమంది ఇచ్చిండ్రు.
6. మొదలైన తేదీ, ముగిసిన తేదీ.
7. పైసలు ఎవరి ఖాతాలో పడ్డయి. ఇంటోళ్లదా, ఆసుపత్రిదా, సంఘానిదా.
8. చందా కంటే ముందు ఏ దారి చూసినం. ఆరోగ్యశ్రీ, ముఖ్యమంత్రి సహాయ నిధి, బీమా, సంఘం అప్పు.
9. మూడు నెలల తర్వాత పరిస్థితి. పని అయ్యిందా, ఇంకా అప్పు ఉందా, మిగిలిందా.

రాసేటప్పుడు మూడు కట్టుబాట్లు. ఒక గడిలో ఒకే సంగతి రాయాలి. మొత్తం గడిలో అంకె ఒక్కటే ఉండాలి, "యాభై వేలు సుమారు" అని రాస్తే అది కూడదు. మూడోది పెద్దది: ఏమీ రాకపోతే సున్నా రాయాలి, ఇంకా తెలియకపోతే ఖాళీగా వదిలేయాలి. సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే అడిగినం, రాలేదు. ఖాళీ అంటే ఇంకా కనుక్కోలేదు.

ఆరు వరుసల లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేసి చూపిస్త. ఇవి ఏ ఊరివీ కావు, ఏ ఇంటివీ కావు. నేర్చుకోవడానికి నేను వేసిన అంకెలు. ఇంటికి పోయి మీరు కూడా ఇవే ఫోన్‌ల కొట్టి చూడాలని గుండు అంకెలు పెట్టిన.

క1, వైద్యం: అడిగింది 2,00,000. వచ్చింది 50,000. ఇచ్చినవాళ్లు 60 మంది.
క2, మరణం: అడిగింది 1,00,000. వచ్చింది 1,30,000. ఇచ్చినవాళ్లు 210 మంది.
క3, ఇల్లు: అడిగింది 50,000. వచ్చింది 52,000. ఇచ్చినవాళ్లు 95 మంది.
క4, చదువు: అడిగింది 40,000. వచ్చింది 10,000. ఇచ్చినవాళ్లు 12 మంది.
క5, వైద్యం: అడిగింది 3,00,000. వచ్చింది 30,000. ఇచ్చినవాళ్లు 40 మంది.
క6, వైద్యం: అడిగింది 60,000. వచ్చింది 0. ఇచ్చినవాళ్లు 0.

పక్కన కొత్త నిలువు వరుస పెట్టి "శాతం" అని రాయండి. గడిలో సమానం గుర్తు కొట్టి, వచ్చిన మొత్తం గడిని నొక్కి, ఏటవాలు గీత కొట్టి, అడిగిన మొత్తం గడిని నొక్కాలి. శాతం గుర్తు నొక్కితే 25 అని వస్తది. ఆ గడి మూలను పట్టి కిందికి గుంజితే మిగతా ఐదు అవే వస్తయి: 130, 104, 25, 10, 0.

ఇగ చూడండి. "మన చందాలకు ఎంత వస్తది?" అని ఒకామె అడిగిందనుకుందాం. ఈ ఆరు వరుసల్లోంచే నాలుగు జవాబులు వస్తయి.

మనకు యాదికున్నయి క2, క3 మాత్రమే అనుకోండి. సగటు 117 శాతం. అంటే అడిగిన దానికంటే ఎక్కువే వస్తదన్నట్టు.

ఆరింటి శాతాలు కూడి ఆరుతో భాగిస్తే 49. అంటే సగం వస్తదన్నట్టు.

అడిగిన పైసలన్నీ కూడితే 7,50,000, వచ్చినవన్నీ కూడితే 2,72,000. ఇది 36 శాతం. మూడోవంతు కంటే కొద్దిగా ఎక్కువ.

ఆరింటినీ చిన్న నుంచి పెద్దకు పేర్చి నడుమ ఉన్నది చూస్తే 25 శాతం. దీన్ని మీడియన్ అంటరు. అంటే నడిమి ఇంటికి అందింది పావు వంతే.

నాలుగు లెక్కలూ తప్పు కాదు. కానీ రేపు ఒక అక్క బిడ్డ ఆపరేషన్ పెట్టుకొని "చందా ఎత్తితే సరిపోతదా, లేక బంగారం కుదువ పెట్టాల్నా" అని మనల్ని అడిగితే, 117 అన్న మాట నమ్మి ఆమె ఆగితే ఏమైతది? నడిమి లెక్క 25 చెప్తేనే ఆమె సరైన టైముకు ఇంకో దారి చూసుకుంటది. ఒక పెద్ద చందా సగటును పైకి గుంజుతది. ఒక దొర ఇంటి ఆదాయం కలిపి ఊరి సగటు తీస్తే కూలి ఇంటికి ఏమొస్తది? ఇదీ గట్లనే.

మంది పిసినారులా?

ఇంకో నిలువు వరుస పెట్టండి. వచ్చిన మొత్తాన్ని ఇచ్చినవాళ్ల సంఖ్యతో భాగించండి. క1లో ఒక్కొక్కరు ఇచ్చింది సుమారు 833. క2లో 619. క3లో 547. క4లో 833. క5లో 750.

విచిత్రం చూడండి. బాగా జమైన క2, క3లో ఒక్కొక్కరు ఇచ్చింది తక్కువ. జమ కాని క1, క4లో ఒక్కొక్కరు ఇచ్చింది ఎక్కువ. అంటే ఇచ్చినోళ్ల మనసు చిన్నదై కాదు, ఇచ్చిన మంది తక్కువై చందా ఆగింది. నేను వేసిన అంకెల్లో అట్ల ఉంది. మీ ఊరి అసలు లెక్కలో ఇట్లనే ఉంటదా, వేరే ఉంటదా అన్నది మీరు రాస్తేనే తెలుస్తది. ఇట్లనే ఉంటే మాత్రం చేయాల్సిన పని మారుతది. "ఇంకా ఎక్కువ వేయండి" అని ఇచ్చినోళ్లనే మళ్లీ అడుగుడు కాదు, కొత్త గ్రూపులకు మెసేజ్ చేర్చుడు.

క6 కాడికి వస్తే పేజీ ఒక తప్పు గుర్తు చూపిస్తది. సున్నాతో భాగించలేనని మొత్తుకుంటది. చూడటానికి బాగలేదని ఆ వరుస తీసేయాలనిపిస్తది. తీసేయొద్దు. మొత్తం పేజీలో మనం ముందు చూడాల్సిన వరుస అదే. డయాలసిస్ మందులకు అరవై వేలు అడిగిన ఇల్లు అనుకోండి, ఒక్కరు కూడా ఇయ్యలేదు. ఎందుకు? ఆ వరుస ఉంటేనే ఆ ప్రశ్న ఉంటది.

బీడీలు చేసే అక్కలకు నేను కొత్తగా చెప్పేది లేదు. వెయ్యి బీడీలు చేసి కార్ఖానాకు తీసుకపోతే, పాసైనవి ఎన్ని, పక్కకు తీసేసినవి ఎన్ని అని మీకు నోటికి తెలుసు. తీసేసిన వాటి లెక్క రాయకుంటే మీ కూలి ఎక్కడ పోయిందో తెల్వదు. చందా కూడా అంతే.

బయటి దేశంల లెక్కలు ఏం చెప్తున్నయి

ఈ పని పెద్ద చదువుల వాళ్లు కూడా చేసిండ్రు. ఈథన్ మోలిక్ అన్న అమెరికా అధ్యాపకుడు కిక్‌స్టార్టర్‌లో 48,500 దరఖాస్తుల లెక్క తీసి 2014లో ప్రచురించిండు. అడిగినంత జమైన వాటికి చాలావరకు కొద్దిగానే ఎక్కువొచ్చింది. జమ కానివి మాత్రం చాలా దూరంలోనే ఆగిపోయినయి, సగటున అడిగిన దాంట్ల పదో వంతు కాడనే. అంటే మెల్లమెల్లగా 80, 90 శాతం దాకా వచ్చి ఆగేవి తక్కువ. అయితే దాటుతయి, లేకుంటే మొదట్లనే కూలబడతయి. ఇంకో సంగతి కూడా ఆయన చూసిండు. వస్తువు తయారుచేసి పంపుతమని చెప్పి పైసలు తీసుకున్నోళ్లలో నూటికి 75 మందికి పైగా చెప్పిన టైముకు పంపలేదు. అందుకే నేను తొమ్మిదో వరుసల "మూడు నెలల తర్వాత" అని పెట్టమన్న. పైసలు జమైతే పని సగమే అయినట్టు.

అవి వస్తువుల చందాలు. వైద్యం చందాల లెక్క ఇంకా కష్టంగా ఉంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016 నుంచి 2020 వరకు గోఫండ్‌మీలో పెట్టిన 4 లక్షల 37 వేలకు పైగా వైద్య చందాలు చూసిండ్రు. అడిగినంత అందినవి నూటికి 12 కూడా లేవు. నూటికి 16 చందాలకు ఒక్క పైస రాలేదు. అంత డబ్బున్న దేశంలనే మన క6 లాంటి వరుసలు ఇన్ని ఉన్నయి. వాళ్లు ఇంకోటి కూడా చూపించిండ్రు. ఆదాయం తక్కువున్న చోట్ల, బీమా లేనోళ్లు ఎక్కువున్న చోట్ల, అంటే అవసరం ఎక్కువున్న కాడనే చందా తక్కువ వస్తున్నది.

దీని అర్థం ఏంది? చందా అవసరాన్ని చూసి రాదు. చుట్టరికాన్ని, పరిచయాన్ని చూసి వస్తది. దుబాయి, మస్కట్, సౌదీల అన్నదమ్ములు ఉన్న ఇంటికి ఒక్క మెసేజ్‌తో వందల మందికి మాట చేరుతది. బోధన్ దిక్కు నుంచి కూలికి వచ్చి మన ఊర్ల ఉంటున్న ఇంటికి, ఒంటరి మహిళకు, మామూలు డబ్బా ఫోన్ ఉన్న ముసలమ్మకు ఆ గ్రూపులు లేవు. ఆమె జబ్బు చిన్నది కాదు, ఆమె పరిచయాల దారం చిన్నది.

పేజీ చూసి తొందరపడొద్దు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. పేజీలో మరణం చందాలు బాగా జమైనయి, చదువు చందాలు జమ కాలేదు అని కనిపిస్తే, "చదువుకు ఎవ్వరూ ఇయ్యరు" అని తీర్మానం రాయొద్దు. పది వరుసలు చూసి చెప్పే మాట కాదది. ఒక్క వరుస అటు ఇటు అయితే లెక్క మొత్తం మారుతది. ఇంకోటి, చిన్న మొత్తం అడిగినవి తొందరగా నిండుతయని కనిపించొచ్చు. అంతమాత్రాన మూడు లక్షల ఆపరేషన్‌కు "యాభై వేలు అడిగితే నిండుతది" అని చెప్తే, పేజీలో 100 శాతం వస్తది గానీ ఆసుపత్రి బిల్లు తగ్గదు. శాతం మంచిగ చేసుకోవడానికి కాదు ఈ పేజీ, మనిషి గట్టెక్కడానికి.

చందా ఆఖరి దారి

ఎనిమిదో వరుస, చందా కంటే ముందు ఏ దారి చూసినం అన్నది, అందుకే పెట్టిన. 2023 డిసెంబర్ నుంచి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉంది. ఆ జబ్బు అందులో ఉందా, ఆ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా అని ముందు కనుక్కోవాలి. అందులో లేకుంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి అసలు బిల్లులు పారేయకుండా దాచుకోవాలి. గల్ఫ్‌కు పోయేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన చేసుకున్నోళ్లకు ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షల బీమా ఉంటది. ఆ కాగితం ఇంట్ల ఏ పెట్టెలో ఉందో భార్యకు తెలియాలి. తెల్వక చందా ఎత్తుకున్న ఇల్లు ఉందంటే, మనకు రావాల్సిన హక్కు వదిలేసి పది మందిని చేయి చాచి అడిగినట్టే.

ఆ తర్వాత మన సంఘం అంతర్గత అప్పు, స్త్రీనిధి. ఇవన్నీ చూసినంక ఎంత తక్కువ పడిందో అంతకు చందా. అప్పుడు అడిగే మొత్తం కూడా సరిగ్గా ఉంటది, ఇచ్చేటోళ్లకు నమ్మకం కూడా ఉంటది.

పైసల భద్రత

ఫోన్ మీద పైసలు కాబట్టి ఈ రెండు మాటలు ప్రతి మీటింగ్‌లో చెప్పాలి. పైసలు మనకు రావాలంటే పిన్ కొట్టే పని లేదు. పిన్ కొట్టమన్నరంటే మన ఖాతాల నుంచి పోతున్నయని అర్థం. చందా మెసేజ్ పెట్టిన తర్వాత "మేం పెద్ద మొత్తం పంపుతం, ఈ లింక్ నొక్కండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

మెసేజ్‌లో రోగి మంచం మీద ఉన్న ఫోటో, ఆధార్ కార్డు, ఆసుపత్రి కాగితాలు పూర్తిగా పెట్టొద్దు. అడిగినోళ్లకు చూపించడానికి గ్రామ సంఘం దగ్గర ఉంటే చాలు. "గ్రామ సంఘం చూసి నిర్ధారించింది" అన్న ఒక్క మాట ఫోటో కంటే బలమైంది, ఎందుకంటే ఈ మండలంలో మన సంఘాల మాటకు విలువ ఉంది.

"మాకు రాదక్కా" అంటే

నాతోని చాలామంది అన్నరు, "మాకు ఫోన్ ఎత్తుడు, పెట్టుడు తప్ప ఏం రాదు" అని. గూగుల్ షీట్ పేజీ మామూలు టచ్ ఫోన్‌ల కూడా వస్తది, పైసలు కట్టేది లేదు. ప్రతి ఊర్ల ఒక వీవోఏ ఉంది. మన ఇండ్లల్ల డిగ్రీ చదివే పిల్లలు ఉన్నరు. పిల్లలు కొట్టొచ్చు, కానీ అంకె చెప్పేది, సరిచూసేది మనమే ఉండాలి. ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి, మూడో మనిషి పాస్‌బుక్ పట్టుకొని టిక్కు పెట్టాలి. పేజీ ఎంత మంచిగున్నా రాసిన అంకె అబద్ధమైతే కూడిక కూడా అబద్ధమే. కాటా మీద చెరకు బండి ఎక్కినప్పుడు చీటీ చేతికి వచ్చేదాకా రైతు కదలడు. చందా కాడ మన చీటీ ఆ పాస్‌బుక్ వరుస.

సభ ముందు పెడుతున్న ప్రతిపాదనలు

మా గ్రామ సంఘం తరఫున నాలుగు ప్రతిపాదనలు. మీరందరూ చర్చించి తీర్మాన పుస్తకంలో రాయాలని కోరుతున్న.

ఒకటి. ఈ ఏడాది నుంచి ప్రతి గ్రామ సంఘం తన దగ్గరికి వచ్చిన ప్రతి చందా విజ్ఞప్తిని, పైసలు వచ్చినా రాకపోయినా, పేజీలో రాయాలి. సున్నా వచ్చినవి ముందు రాయాలి.

రెండు. చందా ముగిసిన పదిహేను రోజుల్లోపు, ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది మెసేజ్ పెట్టిన గ్రూపులలోనే మళ్లీ పెట్టాలి. అడిగిన దానికంటే ఎక్కువొస్తే మిగులు ఏం చేయాలో ఆ ఇంటోళ్లతో కూర్చొని ముందే రాసుకోవాలి.

మూడు. ఒక ఊరి చందా పది రోజుల్లో పావు వంతు దాటకపోతే, ఆ నంబరు మండల సమాఖ్యకు పంపాలి. మిగతా గ్రామ సంఘాలు తమ గ్రూపుల్లో ఆ మెసేజ్ పెట్టాలి. పరిచయాల దారం చిన్నగా ఉన్న ఇంటికి మన మండలం మొత్తం దారం కావాలి. సమాఖ్య అన్న మాటకు అర్థం అదే గదా.

నాలుగు. వచ్చే మహాసభకు అన్ని ఊర్ల పేజీలు ఒక దగ్గర కలిపి, పేర్లు లేకుండా, మీడియన్ ఎంత, సున్నా వరుసలు ఎన్ని అన్నది ఈ వార్షిక నివేదికలో అచ్చు వేయాలి. పొదుపు ఎంత, రికవరీ ఎంత అని ప్రతి ఏడాది గర్వంగా వేసుకుంటున్నం. ఎంతమందికి అందలేదో కూడా వేసుకునే ధైర్యం మన సంఘాలకు ఉంది.

మూడో ప్రతిపాదన మీద కొందరికి అనుమానం రావొచ్చు. "రోజుకో మెసేజ్ వస్తే మంది విసిగిపోతరు, ఎవ్వరూ ఇయ్యరు" అని. అనుమానం సరైందే. అందుకే ఎనిమిదో వరుస నిండని చందాను సమాఖ్య తీసుకోవద్దు. ఆరోగ్యశ్రీతో అయ్యే పనికి మెసేజ్ తిరగొద్దు. అన్ని దారులు చూసినంక మిగిలినవే మండలానికి రావాలి. అప్పుడు అవి రోజుకొకటి ఉండవు. ఎన్ని ఉంటయో కూడా ఒక ఏడాది రాస్తే మన పేజీనే చెప్తది. ఎక్కువ ఉన్నయని తేలితే నియమం మార్చుకుందాం.

 భోజనాల తర్వాత పక్క గదిలో నా ఫోన్ పెట్టుకొని కూర్చుంట. ఆరు వరుసలు కొట్టి చూడాలనుకున్న అక్కలు మీ ఫోన్లు తీసుకొని రండి.